పంటు వెళ్లిపోయాక రేవుకొచ్చే పిల్లలు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,



మలికిపురం మండలం దిండి నుంచి రాస్తున్నాను. సెలవొస్తే హౌస్‌బోట్ల కోసం కార్లు బారులు తీరే దిండి మీకు తెలిసే ఉంటుంది. ఆ కార్లు దాటిపోయే రోడ్డు పక్కన ఒక జిరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు, ఒక లామినేషన్ పెట్టె పెట్టుకుని బతికేవాణ్ని నేను. ఊళ్లోవాళ్లు నెట్ సెంటరంటారు. పాన్ కార్డులు, రైలు టిక్కెట్లు, గల్ఫ్ వెళ్లే ఆడవాళ్ల పాసుపోర్టు దరఖాస్తులు, పిల్లల కాలేజీ దరఖాస్తులు అన్నీ నా చేతిమీదుగానే పోతాయి. ఏ ఇంట్లో ఏ కాగితం ఉందో, ఏది లేదో సచివాలయం కన్నా నాకే ముందు తెలుస్తుంది. ఈ ఉత్తరం ఆ లేని కాగితాల గురించి, దాటిపోయిన తేదీల గురించి.

2025 జూన్‌లో ఒక సాయంత్రం, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి షాపుకొచ్చాడు. వెనకాల కూతురు. చేతిలో నున్నటి రంగు కాగితం. పక్క రాష్ట్రంలో ఏదో ప్రైవేటు యూనివర్సిటీది. "బాబూ, ఈ నంబరుకి పాతికేలు కొట్టెయ్యి. రేపటికల్లా కట్టకపోతే సీటు పోద్దంట. అమ్మాయికి సగం స్కాలర్‌షిప్ వచ్చింది" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. వెలగదా మరి, అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 962.

కాగితం తిప్పి చూశాను. ఏడాదికి ఫీజు 3,60,000. అందులో సగం 'మెరిట్ స్కాలర్‌షిప్' పోగా 1,80,000. హాస్టలుకీ భోజనానికీ కలిపి 1,40,000, దానికి తగ్గింపు లేదు. ఏడాదికి 3,20,000. నాలుగేళ్లకు 12,80,000, అదీ హాస్టలు ఖర్చు పైసా పెరక్కపోతే. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది: ఏ ఏడాదైనా మార్కులు వాళ్లు గీసిన గీత కింద పడితే ఆ పైన పూర్తి ఫీజే. క్యాలిక్యులేటరు ఆయన వైపు తిప్పి పెట్టాను. చాలాసేపు దానివైపే చూశాడు. "మరి సగం ఇచ్చామన్నారే?" అన్నాడు చివరికి.

అదేం స్కాలర్‌షిప్పండీ! ఆషాఢంలో బట్టల కొట్టువాడు ముందు రేటు పెంచి రాసి, దానిమీద ఎర్ర గీత కొట్టి, సగానికే ఇస్తున్నానంటాడు. మా ఆడవాళ్లు చీర దగ్గర ఆ మాట నమ్మరు. పాలకొల్లులో నాలుగు కొట్లు తిరిగి రేటు కనుక్కుంటారు. అదే ఆషాఢంలో, అదే తగ్గింపు చీటీ సీటు మీద అంటించి ఇస్తే మాత్రం కళ్లకద్దుకుంటున్నాం. నా లెక్కలో స్కాలర్‌షిప్ అంటే పిల్ల వెంట వచ్చే డబ్బు. కాలేజీ తను పెట్టిన ధరలోంచి తనే తగ్గించుకునేది బేరం. బేరం తప్పని అనను. కాకపోతే ఎంత తగ్గించారని చూసి మురిసిపోవడం మాని, చదువయ్యేసరికి మన చేతిలోంచి ఎంత పోతుందో చూసుకోవాలి. ఆ పని చేసిపెట్టేవాళ్లు మా ఊళ్లలో లేరు. సీటుకింత అని కమీషను తీసుకునేవాళ్లు మాత్రం ఏప్రిల్ వచ్చేసరికి మోటారు సైకిళ్లేసుకుని ఇంటింటికీ వస్తారు.

డబ్బు పంపలేదు. ఊరికే అడిగాను, అమ్మాయి సీయూఈటీ రాసిందా అని. తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ చూపు. సీయూఈటీ అంటే దేశంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు 2022 నుంచి పెడుతున్న ఉమ్మడి పరీక్ష. తెలుగులోనూ రాయొచ్చు. 2025లో దానికి దరఖాస్తులు మార్చి 1న మొదలై 24న ముగిశాయి. మన ఇంటర్ పబ్లిక్ పరీక్షలు కూడా మార్చి 1న మొదలై 20న ముగిశాయి. హాల్ టిక్కెట్టు పట్టుకుని పిల్ల పరీక్షకు పోయి వచ్చే రోజుల్లోనే అక్కడ తలుపు తెరిచారు, పరీక్షలయిన నాలుగు రోజులకే మూశారు. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. మా ఊళ్లలో పై చదువు మాట ఎత్తేది ఫలితాలు చూశాకే. అంతకుముందు ఎత్తితే దిష్టి తగులుతుందనుకుంటారో ఏమో! జేఈఈ మెయిన్ మొదటి విడత ఇంకా ముందు. 2025 జనవరి పరీక్షకు దరఖాస్తులు 2024 నవంబరు 22తోనే అయిపోయాయి.

సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ నరసాపురం వెళ్లడానికి పంటే దిక్కు. పంటు వేళ తెలిసినవాడు టీ తాగి తాపీగా ఎక్కుతాడు. తెలియనివాడు పరుగెత్తుకొచ్చి గట్టున నిలబడి దాని వెనక నురగ చూస్తాడు. 962 మార్కుల పిల్ల ఆ జూన్ సాయంత్రం నా షాపులో అలాగే నిలబడింది. కార్పొరేట్ కాలేజీ పిల్లలకు వేళ చెప్పే మనిషి ఉంటాడు. మా మండలం సర్కారీ జూనియర్ కాలేజీ పిల్లకు ఎవరు చెప్పాలి?

మన జిల్లా పేరులో ఉన్న పెద్దాయన కథే తీసుకోండి. 1913లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనం మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. ఆ గడువు ముగిసేసరికి లండన్‌లో చదువు సగంలో ఉంది. 1917లో దాన్ని అలాగే వదిలి తిరిగొచ్చి, మళ్లీ 1920లో గానీ వెళ్లలేకపోయాడు. అప్పుడు కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. అంతటి మనిషికే గడువు తీరితే ఓడ ఎక్కి వెనక్కి రావలసి వచ్చింది. ఏప్రిల్ 14న ఊరూరా దండలు వేస్తాం, వెయ్యాలి కూడా. ఆ పూటే విగ్రహం పక్కన ఒక బల్ల వేసి, ఆయన చదువుకు డబ్బు ఎవరిచ్చారో, మన పిల్లల చదువుకు ఇప్పుడు ఎవరెవరు ఇస్తున్నారో చెబితే ఇంకా బావుండేది.

ఎవరెవరు ఇస్తున్నారో నాకు తెలిసినంతవరకు చెబుతాను. షాపులో కూర్చుని పోర్టళ్లు చదివి నేర్చుకున్న చదువిది.

కాలేజీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఒకటుంది. దేశం మొత్తానికి ఏటా 82,000 కొత్తవి, సగం ఆడపిల్లలకు. బోర్డు పరీక్షలో పైనున్న ఇరవై శాతంలో ఉండాలి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, ఇంజనీరింగ్ అయితే నాలుగో ఏడు 20,000. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఇందులో నాకు నచ్చిన సంగతి, ఇది పిల్ల ఇంటర్ ఏ బోర్డులో ప్యాసైందో ఆ బోర్డు వాటాలోంచి వస్తుంది, చేరిన కాలేజీ వాటాలోంచి కాదు. మలికిపురంలో ఇంటర్ చదివి తమిళనాడులో చేరినా వెంట వస్తుంది. ఇంకో స్కాలర్‌షిప్పో, ఫీజు రీయింబర్స్‌మెంటో తీసుకునేవాళ్లకు రాదు. అంటే ఇక్కడి రీయింబర్స్‌మెంటు వదులుకుని బయటికి వెళ్లే పిల్లకోసమే కొలిచి కుట్టినట్టుంది. ఏటా ఎంతమందికి చెప్పినా "ఇలాంటిదొకటుందా?" అనే అంటారు.

సైన్సు మీద ప్రేమ ఉన్న పిల్లలకు ఇన్‌స్పైర్ ఉంది. బోర్డులో పై ఒక్క శాతంలో ఉండి బీఎస్సీయో, ఐదేళ్ల ఎమ్మెస్సీయో భౌతిక, జీవ, గణిత శాస్త్రాల్లో చదివితే ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. బీటెక్‌కు రాదు కాబట్టి మనవాళ్లకు దానిమీద చూపు లేదు. ఇంజనీరింగ్‌లో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ వారి ప్రగతి ఉంది. ఏడాదికి 50,000, ఇంటికి ఇద్దరి వరకు, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, అంటే గణాంక శాస్త్రం డిగ్రీ, సీటొస్తే ట్యూషను ఫీజు లేకపోగా నెలనెలా వేతనం కూడా ఇస్తారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయి 1941లో ఆ సంస్థలో చేరినవాడే మన సి.ఆర్. రావు. 2023లో నూట మూడో ఏట కన్నుమూసేనాటికి ప్రపంచం ఆయన పేరు మీద పాఠాలు చెప్పుకుంటోంది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలు మా మండలంలో ఏటా ఉంటారు. బీస్టాట్ అనే మాట నా షాపులో ఇంతవరకు ఒక్కరూ పలకలేదు.

ఎన్ఐటీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ మా జనం ఫీజు చూసి బెదిరిపోతారు. ట్యూషను ఏడాదికి 1,25,000. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగతా ఏ కులం వాళ్లైనా ఇంటి ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. అంటే చెరువు కాపలా మనిషి కూతురు కట్టాల్సిన ట్యూషను, మహా అయితే, 41,667. ప్రతి ఎన్ఐటీలో సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్లకే. తాడేపల్లిగూడెంలో రాకపోయినా సూరత్కల్, కోళికోడ్, రూర్కెలా ఉన్నాయి. సీటు రావడం తేలికని చెప్పడం లేదు. రంగు కాగితం మీద 'సగం' చూసి 1,80,000 కట్టడానికి సిద్ధమైన మనిషికి ఈ 41,667 అంకె ఒకటుందని కూడా తెలియకపోవడమే నా బాధ.

మన నేలకు దగ్గరి చదువు ఇంకోటి. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లలో 20 శాతం ఐసీఏఆర్ ద్వారా, ఇప్పుడు సీయూఈటీ మార్కుల మీదే, ఏ రాష్ట్రం వాళ్లకైనా ఇస్తారు. అలా సొంత రాష్ట్రం దాటి వెళ్లి చేరినవాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ పేరుతో నెలకు 2,000 ఇస్తారు. గమనించండి, ఇల్లు వదిలి వెళ్లినందుకే ఇచ్చే డబ్బది. కొబ్బరి మీద పరిశోధన 1916లో మొదలైన కాసరగోడు కేరళలో ఉంది. దేశంలో మొదటి ఫిషరీస్ కాలేజీ 1969లో పుట్టిన మంగళూరు కర్ణాటకలో ఉంది. మా పిల్లలు కొబ్బరి చెట్టు కింద పుట్టి, రొయ్యల చెరువు గట్టున ఆడుకుని, బైపీసీ చదివి, ఎంబీబీఎస్ రాలేదని ఏడ్చి, ఆ తర్వాత ఏదో ఒకదాంట్లో చేరిపోతారు. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2022 నవంబరులో శంకుస్థాపన చేస్తే చించినాడ వంతెన దాటి వెళ్లి చూసొచ్చినవాళ్లు కూడా, ఆ చదువు బయట ఎక్కడెక్కడుందో అడగలేదు.

హైదరాబాదు మాట చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. మొన్నమొన్నటిదాకా మాకు బయటి ఊరంటే హైదరాబాదే. విభజన చట్టం 95వ సెక్షను ఇచ్చిన పదేళ్ల వెసులుబాటు 2024 జూన్ 2తో తీరిపోయింది. 2025లో తెలంగాణ తన నిబంధనలు మార్చుకున్నాక అక్కడి కన్వీనరు కోటా మన పిల్లలకు అందకుండా పోయింది. వాళ్లను తప్పుపట్టే పని లేదు. అయితే ఆ దెబ్బతో హైదరాబాదే మూసుకుపోయిందనుకుంటున్నారు మా వాళ్లు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్రానిది. 1973 ఆరు సూత్రాల పథకంలోంచి పుట్టి 1974లో మొదలైంది. అక్కడ ఈ ప్రాంతం ఆ ప్రాంతం అన్న లెక్క లేదు. ఫీజు వేలల్లోనే. అదీ సీయూఈటీయే. పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికీ సీయూఈటీయే. మనకు పుదుచ్చేరి ఎంత దూరమంటారు? ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి దిగితే పుదుచ్చేరి కిందుండే యానాం. గౌతమికి అటూ ఇటూ ఒకే యాస, ఒకే పులస. పొద్దున్నే వారధి మీద సైకిలు తొక్కే పిల్లలకు తాము రాష్ట్రం దాటుతున్నామని గుర్తుండదు కూడా.

ఇంత చెప్పానని పిల్లలందర్నీ బయటికి తోలెయ్యమంటున్నానని అనుకోకండి. ఇక్కడే కన్వీనరు కోటాలో మంచి సీటొచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంటు పడితే దానంత చవక ఇంకెక్కడా లేదు. పైగా వారానికోసారి ఇంటికొచ్చి చేపల పులుసు తిని పోవచ్చు. బయటి చదువుకు రైలు ఛార్జీలున్నాయి, భాష ఉంది, సాంబారుతో సరిపెట్టుకోవడం ఉంది. కోటిపల్లి–నరసాపురం రైలు మా హయాంలో వస్తుందో రాదో గానీ ఇప్పటికైతే పాలకొల్లో, నరసాపురమో పోయి ఎక్కాలి. ఇక్కడికంటే బయట చదువు మంచిదై, ఖర్చు ఇక్కడంతే ఉన్నప్పుడే వెళ్లాలని నేను చెబుతుంటాను. ఆ లెక్క వేసుకునే అవకాశం ముందు ఉండాలి కదా!

తేదీల తర్వాత కాగితాలు. మా దగ్గర ఆదాయం నిరూపించాలంటే బియ్యం కార్డు చాలు, రాష్ట్ర పథకాలకు అది సరిపోతుంది. ఢిల్లీ పోర్టలుకు సరిపోదు, ఆదాయ ధ్రువపత్రమే కావాలి. రాష్ట్రానికి చూపించే బీసీ పత్రం వేరు, కేంద్ర సంస్థలకు కావలసిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. అదీ, ఈడబ్ల్యూఎస్ పత్రమూ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసినవై ఉండాలి. చాలామంది పాతది పట్టుకుని కౌన్సెలింగుకు కూర్చుంటారు, అప్పుడు రాజోలుకీ అమలాపురానికీ పరుగులు. బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించకపోతే మంజూరైన డబ్బు కూడా ఎక్కడో ఆగుతుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పిల్ల దరఖాస్తు పెట్టినంత మాత్రాన పని కాదు, చేరిన కాలేజీ అక్కడ సరిచూసి పైకి పంపాలి. బయటి రాష్ట్రం కాలేజీలో ఆ పని చూసే మనిషి ఉన్నాడో లేడో చేరక ముందే ఫోను చేసి కనుక్కోమంటాను. "అడిగితే ఏమనుకుంటారో" అంటారు మా వాళ్లు. పాతికేలు కట్టేటప్పుడు లేని మొహమాటం అప్పుడెక్కణ్నుంచి వస్తుందో!

అప్పు గురించీ ఒక మాట. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది. కేంద్రం జాబితాలో ఉన్న పేరున్న సంస్థల్లో సీటొస్తే తాకట్టూ, జామీనూ లేకుండా బ్యాంకు అప్పివ్వాలి. ఆదాయం ఎనిమిది లక్షల లోపువాళ్లకు పది లక్షల అప్పు వరకు వడ్డీలో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది. రంగు కాగితం యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందా అని ఎవరూ చూడరు. బ్యాంకులో కుదరకపోతే అరెకరం కొబ్బరి తోట వడ్డీ వ్యాపారికి వెళుతుంది. జాబితాలో ఉందో లేదో చూడ్డానికి నాకు పట్టేది రెండు నిమిషాలు.

ఇక మిమ్మల్ని అడిగేది. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఏజెంట్ల చేతిలో మోసపోకూడదని అమలాపురంలో వలసదారులకు ఒక కేంద్రం పెట్టించారు. మా ఊరి ఆడవాళ్లు దాని పేరు చెప్పుకుంటారు. అక్కడే చదువుకు వెళ్లే పిల్లలకూ ఒక బల్ల, ఒక మనిషి, ఒక ఫోను నంబరు ఇవ్వండి. ఏజెంటు ఏజెంటే కదండీ, కువైట్ పంపేవాడైనా, కాలేజీకి పంపేవాడైనా.

సచివాలయాల్లో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లున్నారు. పేరులో ఎడ్యుకేషన్ ఉంది గానీ వాళ్ల పొద్దంతా పింఛన్లకీ సర్వేలకీ పోతోంది. వాళ్లకు ఏటా అక్టోబరులో ఒక్క కాగితం పంపండి, తెలుగులో: జేఈఈ గడువెప్పుడు, సీయూఈటీ ఎప్పుడు, స్కాలర్‌షిప్ పోర్టల్ ఎప్పటికి మూస్తారు, దేనికి ఏ పత్రం కావాలి. ఆ కాగితం ప్రతి జూనియర్ కాలేజీ గోడ మీదా ఉండాలి. పరీక్షల హడావుడిలో పిల్లతో దరఖాస్తు పెట్టించే బాధ్యత లెక్చరర్లలో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. ఏప్రిల్ మొదటి వారంలో తహసీల్దారు కార్యాలయాల్లో విద్యార్థుల పత్రాలకు విడిగా ఒక వరుస పెట్టించండి.

ఇంకొకటి మీరు రాతపూర్వకంగా చెప్పాలి. ఎస్సీ పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఖర్చు కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. పిల్ల దేశంలో ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. మా దగ్గర అడిగితే "బయట చదివితే రాదు" అని నోటిమాటగా పంపేస్తున్నారు. వస్తుందంటే ఎవరి దగ్గరికి, ఏ దరఖాస్తుతో వెళ్లాలో, రాదంటే ఎందుకు రాదో ఒక కాగితం మీద ఇప్పించండి. ఆ కాగితాన్ని షాపు అద్దానికి నేనే అంటిస్తాను.

కట్టేసి ఇరుక్కున్నవాళ్ల కోసం కూడా ఒక మాట ప్రచారం చేయించండి. అసలు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బెదిరించే హక్కు ఏ విశ్వవిద్యాలయానికీ లేదని యూజీసీ 2018లోనే చెప్పింది. 2024–25లోనైతే సెప్టెంబరు 30 లోగా సీటు వదులుకుంటే కట్టిందంతా తిరిగివ్వాలంది. ఇది తెలియక డబ్బూ, టెన్త్ మార్కుల లిస్టూ రెండూ వదులుకున్న కుటుంబం మా వీధిలోనే ఉంది.

ఆ అమ్మాయి ఏమైందంటారా? ఆ జూన్‌లో ఇక మిగిలిన దారుల్లో ఒకటి చూసుకుని ఇక్కడే దగ్గర్లో బీఎస్సీలో చేరింది. చక్కగా చదువుతోంది. ఆ తర్వాత ఒకరోజు ఫొటోలు తీయించుకోవడానికొచ్చి, షాపు గోడ మీద నేను రాసిపెట్టిన తేదీలు నిలబడి చదివింది. పీజీకి కూడా సీయూఈటీ ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. ఫోను తీసి గోడను ఫొటో తీసుకుంది. పక్కనే తమ్ముడు. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. "వీడికి ఆదాయం సర్టిఫికెట్టుకు ఏమేం తేవాలన్నా?" అని అడిగి, చెప్పినవన్నీ చేతి మీద పెన్నుతో రాసుకుంది.

మీరెప్పుడైనా చించినాడ వంతెన మీదుగా ఇటొస్తే ఆ గోడ చూద్దురు గాని. షాపు రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
దిండిలో నెట్ సెంటరు నడుపుకునే ఒకడు